నాంచారమ్మ కుట్టిన బొంత

కొత్త కోట కట్టించుకున్న మురిపెంలో ఒక రాజు, ఊళ్లో పాతగుడ్డ అన్నది కనబడకూడదనీ, కనబడితే కాల్చేస్తామనీ చాటింపు వేయించాడు. చిరిగిన చీరలతో బొంతలు, గుమ్మం తెరలు కుట్టుకుని బతికే నాంచారమ్మకి గుండె జారిపోయింది. భటులు వీధి వీధీ వెతుక్కుంటూ ఆమె ఇంటి దాకా వచ్చేస్తున్నారు.

అంతలో రాజుకి మనవరాలు పుట్టింది. పురిటిబిడ్డని మెత్తటి పాతబట్టలోనే పడుకోబెట్టడం ఆనవాయితీ. కోటలో చూస్తే అన్నీ కొత్తవే. జరీ గుచ్చుకుని బిడ్డ ఒకటే ఏడుపు. మంత్రసాని దొడ్డిదారిన నాంచారమ్మని పిలిపించింది. ఆమె తెచ్చిన బొంతలో చుట్టగానే బిడ్డ నిద్రపోయింది.

అప్పుడే రాజు పురిటిగది గుమ్మం దగ్గరికి వచ్చాడు. "అది పాతగుడ్డ కాదూ?" అన్నాడు.

"మీరే చెప్పాలి మారాజా," అంది నాంచారమ్మ. "చీరలు పాతవి, బొంత కుట్టింది నిన్న. పాతదే అంటే బిడ్డని లేపి, బొంత తీసుకెళ్లి కాల్చేయండి. కొత్తదే అంటే మా ఇంట్లోవీ ఇలాంటివే, భటుల్ని పంపకండి."

బొంత అంచుని పట్టుకున్న చిన్ని పిడికిలిని రాజు చాలాసేపు చూశాడు.

"కొత్తదే," అన్నాడు గొంతు తగ్గించి. వెళ్లబోతూ ఆగాడు. "నాకూ ఒకటి కుట్టిపెడతావా?"

"మీ అమ్మగారి చీరతో అయితే ఇంతే మెత్తగా వస్తుంది. కానీ అవన్నీ కాల్చేసే ఉంటారు."

రాజు అటూ ఇటూ చూసి, "ఒకటి దాచుకున్నాను," అన్నాడు.