అసిరి గుక్క

ఊఁ కొట్టేవాళ్ళుంటేనే కథ నడుస్తుంది. కొట్టండి మరి.

అనగనగా, బళ్ళవాళ్ళు కూడా జంకే ఓ కొండ కనుమ. ఆ కనుమ కింద ఓ పాక. ఆ పాకలో బొంతలు కుట్టుకుని బతికే అసిరి. ముందూ వెనకా ఎవరూ లేని మనిషి. ఒక చెల్లెలుండేది. "ఎల్తానప్పా" అని అత్తారింటికి కనుమెక్కింది. చేరలేదు. దానిచేత వెళ్ళొస్తానని అనిపించలేకపోయానే అని అసిరి ఏళ్ళ తరబడి కుమిలిపోయింది పాపం.

అప్పటినుంచీ కనుమ దాటే ఏ ఆడమనిషినీ ఊరకే పోనిచ్చేది కాదు. మంచినీళ్ళిచ్చి దారి కబుర్లు అడిగేది. విన్నవన్నీ ఓ పెద్ద బొంత మీద కుట్టేది. నీటి ఊట ఉన్నచోట నీలం గుడ్డ. ఆగకూడని చోట ఎర్ర గుడ్డ. ఆడదిక్కున్న ఇళ్ళవాళ్ళు గుమ్మానికి జొన్న కంకులు కట్టేవారు కాబట్టి, అలాంటి ఇంటికి రెండు కంకులు. దాన్లో అక్షరమ్ముక్క లేకపోయినా అందరూ దాన్ని పుస్తకమనే అనేవారు. చూసుకుని బయల్దేరేవాళ్ళకి అసిరి చివరికి ఒకటే మాట చెప్పేది.

"ఎల్లొస్తానని సెప్పి ఎల్లు తల్లీ."

ఓ పొద్దున నూకాలు అనే కొత్త కోడలు వచ్చింది. తల్లికి జబ్బని కబురొస్తే ఒంటరిగా పుట్టింటికి పోతోంది. కాళ్ళకి వెండి కడియాలు. బొంతంతా చూసి, "నడికనుమలో కంకులున్నాయి. అక్కడ నీళ్ళు తాగుతాను. ఎల్లొస్తానత్తా" అని కొండెక్కింది.

కాసేపటికి చుట్టుదారిన ఎండుచేపలమ్మే ఆవిడ దిగింది. "నడికనుమ ఇంటి ముసిల్ది తొలకరికే పోయిందట కదే అసిరీ! ఇప్పుడా ఇంట్లో ఎవడో మగోడు ఉంటన్నాడు. కంకులు మాత్రం అలాగే ఏలాడతన్నాయి."

అసిరి సూది బొంతకే గుచ్చి లేచింది. ఈమధ్య కనుమెక్కిన ఇద్దరు ఆడవాళ్ళు అవతలికి చేరలేదు. ఊళ్ళో అంతా పులి అన్నారు. పులి గుమ్మానికి కంకులు కడుతుందా?

మోకాళ్ళ నొప్పులు మరిచిపోయి పరిగెత్తింది. కింద ఎడ్లకి మేత వేస్తున్న ఉప్పు బళ్ళవాళ్ళని, "బాబూ, నా ఎనకాలే రండి! ఓ ఆడకూతురి పేణం!" అని కేకేసి మరీ ఎక్కింది.

వెళ్ళేసరికి నూకాలు అరుగు మీద కూర్చునుంది. నీళ్ళ చెంబు చేతిలోనే ఉంది, ఇంకా తాగలేదు. నవ్వుతూ ఎదురుగా ఆ ఇంటాయన.

"తాగకు గుంటా!"

"అదేటత్తా? నీ పుస్తకంలో ఉన్న ఇల్లే కదా!"

ఆ మాట అసిరికి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. అయినా తమాయించుకుని ఆయన వైపు తిరిగింది. "బాబూ, ముందు నువ్వో గుక్క తాగి ఇయ్యి."

"ఎంగిలి నీళ్ళు అతిథికిస్తే పాపం కదమ్మా."

"ఎంగిలైతే కడుక్కుంటే పోద్ది, పేణం పోతే రాదు. అరిచేతిలో పోసుకుని తాగు."

"ఈ పూట ఉపాసం."

"నీల్లకి ఉపాసమేటి? తాగు."

"కడుపు నిండా తిన్నాను, పట్టదు."

"ఉపాసమూ, కడుపు నిండా తిండీ, రెండూ ఒక్క పూటేనా నాయనా?"

నూకాలు చెంబు వంచేసింది. అడుగున నూరిన ఉమ్మెత్త గింజలు. వాడు కర్ర అందుకునేలోపు బళ్ళవాళ్ళు వచ్చి పట్టుకున్నారు. పెరట్లో ఏం దొరికిందో పిల్లలున్నచోట చెప్పను.

అసిరి ఇంటికొచ్చి, నడికనుమ కంకుల కుట్టు విప్పుతూ భోరున ఏడ్చింది. "పుస్తకం దారి సెప్తాది. తలుపు తీసేవోడు ఎలాటోడో సెప్పదు. ఆ ముక్క నాను సెప్పనేదు."

తర్వాత బొంత అంచు చుట్టూ చెంబులు కుట్టింది. వచ్చిన ప్రతి ఆడమనిషికీ చెప్పింది. "ఇచ్చినోల్లు ముందు తాగితేనే నువ్వు తాగు. ఎల్లొస్తానని సెప్పి ఎల్లు తల్లీ."

ఏళ్ళు గడిచాయి. అసిరి మంచాన పడింది. నూకాలు పిల్లలతో కనుమ దాటి వచ్చింది. తులసి నీళ్ళు ముందు తన అరిచేతిలో పోసుకుని ఓ గుక్క తాగింది. తర్వాతే అసిరి నోట్లో పోయబోయింది. "పోయే మనిషికి ఎంగిలి నీళ్ళా!" అని పెద్దలు కసిరారు. అసిరి మాత్రం నవ్వి నోరు తెరిచింది. తాగి, "ఎల్లొస్తాను గుంటా" అంది. అదే ఆఖరి మాట.

ఇప్పటికీ ఆ కనుమ ఊళ్ళలో దారినపోయే ఆడమనిషికి నీళ్ళిచ్చేవాళ్ళు ముందు తాము తాగుతారు. "అసిరి గుక్క అయింది, ఇక నువ్వు తాగమ్మా" అంటారు. అలా తాగకుండా ఇస్తే ఆవిడ చెంబు అరుగు మీద పెట్టేసి లేస్తుంది. ఎవరూ తప్పు పట్టరు. ఎంత దాహంతో లేచినా సరే, వెళ్ళొస్తాననే చెప్పి వెళ్తుంది.