ఓబులేసు వేలిముద్ర

నరహరికి సంతకాల పిచ్చి. అడగ్గానే పెట్టేవాళ్ల జోలికి పోడు. ఎవరు ససేమిరా అంటారో వాళ్ల గుమ్మమే తొక్కుతాడు. ఇక పాడనని తలుపేసుకున్న గాయని వాకిట మూడు రోజులు కూర్చున్నాడు. మౌనవ్రతం పట్టి పలకా బలపమూ కూడా మానేసిన స్వామిని సైతం వదల్లేదు. జిడ్డులా పట్టుకుంటే ఎవరు మాత్రం ఏం చేస్తారు?

అవన్నీ పెట్టించుకున్న పుస్తకంలో అతని గురువు సంతకం మాత్రం లేదు.

గురువు గఫూర్ షా, కదిరి దగ్గర కొండ కింద గుడిసెలో ఉండే ఫకీరు. మూడేళ్లుగా నరహరి అక్కడ నీళ్లు తోడుతున్నాడు, చెప్పింది వింటున్నాడు. ఫకీరు ఒక్కసారి కూడా అతన్ని శిష్యుడని అనలేదు. ఆ సంతకం పడితే తను ఆయన మనిషినని ఒక రుజువు ఉంటుందని నరహరి ఆశ. అది లేదన్న బాధ రోజూ లోపల కొరుకుతూనే ఉంది.

ఒక శుక్రవారం ఉండబట్టలేక పుస్తకం ముందు పెట్టాడు. గఫూర్ షా పేజీలన్నీ ఓపిగ్గా తిప్పాడు.

"మన బావి తవ్విన ఓబులేసుది లేదేంరా?"

"ఆయనకు చదువు రాదు బాబా."

"అయితే వేలిముద్ర తీసుకురా. దాని కింద నేను పెడతా."

ఇంతేనా అనుకున్నాడు నరహరి. ఇంకు ప్యాడ్ కొనుక్కుని బయల్దేరాడు. చుట్టుపక్కల యాభై బావులు ఓబులేసు తవ్వినవే. అతను గడ్డపార వేసిన చోట నీళ్లు పడకపోవడమంటూ లేదని పేరు. ఇప్పుడు పక్క ఊళ్లో తవ్వుతున్నాడు.

ప్యాడ్ చూడగానే ఓబులేసు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"కాగితం మింద ఏలు పెట్టే మా నాయన చేను పోగొట్టుకునె. నేను పెట్టను సామీ."

నరహరి తన విద్యలన్నీ చూపించాడు. పొగిడాడు, బతిమాలాడు, చివరికి బావి గట్టున బైఠాయించాడు. ఓబులేసుకు వినే తీరిక ఎక్కడిది? మన్ను పైకి లాగే మనిషి ఆ రోజు రాలేదు.

"ఊరికే కూకునేదానికంటే ఆ మోకు పట్టుకోరాదా?" అంటూ లోపలికి దిగిపోయాడు.

నరహరి మోకు పట్టుకున్నాడు. గంప వెంట గంప. మొదటి రోజు బొబ్బలు లేచాయి, రెండో రోజు చితికాయి. మూడో రోజుకి సంతకం ఊసెత్తే ఓపిక కూడా పోయింది. ఐదో రోజు మధ్యాహ్నం అడుగు నుంచి కేక వినిపించింది. గంపలో పైకొచ్చిన మన్ను తడిగా ఉంది. అది చేతిలోకి తీసుకుని నరహరి పిచ్చివాడిలా నవ్వాడు.

పైకొచ్చిన ఓబులేసు చెయ్యి కడుక్కుని, "ఏదీ నీ పుస్తకం?" అన్నాడు.

వేలు అద్దాడు. నల్లటి మచ్చ పడింది. మళ్లీ అద్దాడు. అదీ మచ్చే. నలభై ఏళ్లు గడ్డపార పట్టిన ఆ వేలి మీద ఒక్క గీత కూడా మిగల్లేదు.

ముద్ర లేకపోతే గురువు సంతకమూ లేనట్టే. నరహరి ఏడుపు మింగుకుంటూ కొండ కిందికి చేరాడు.

"ముద్ర పడలేదు బాబా," అంటూ పుస్తకం చాపాడు.

గఫూర్ షా పుస్తకం అందుకోలేదు. దాన్ని పట్టుకున్న, బొబ్బలు చితికిన చేతుల్ని తన వైపు తిప్పుకుని చూశాడు. లోపలికెళ్లి ఆముదం గిన్నె తెచ్చి, అందులో బొటనవేలు ముంచాడు.

"బాగానే పడిందిరా. చెయ్యి కదపకు, కింద నీ గురువుది పెట్టాలి."