ఏడో బెడ్‌కి ఒక ప్లేటు

నువ్వు నమ్మవు, పందెం. నమ్మితే కాలేజీ తెరిచాక వారం రోజులు పునుగులు నా డబ్బుల్తో. నమ్మకపోతే నోర్మూసుకుని చదువు, మధ్యలో నవ్వే బొమ్మలు పెట్టబాక దివీనా, ఒట్టు, చంపేస్తా.

మా నాన్న సంగతి తెల్సుగా. బోరుబండి మీద పనిచేసే మనిషి, చెయ్యెత్తితే మా ఇంటి దూలం అందుద్ది. న్యుమోనియా వచ్చి ఐసీయూలో పడ్డాడు. ఏడో నంబర్ బెడ్. నోట్లో ఊపిరి మిషన్ గొట్టం, ముక్కులో తిండి గొట్టం. ఆ ముక్కు గొట్టంలోంచి పాలలాంటిది ఒకటి బొట్టు బొట్టు పోతా ఉంటది. టిఫినూ అదే, అన్నమూ అదే.

పదో రోజు పొద్దున మిషన్ ఆపి చూశారు, సొంతంగా ఊపిరి తీస్తాడేమోనని. ఇరవై నిమిషాలు. అంతే, రొప్పుతా ఉంటే మళ్ళీ పెట్టేశారు. డాక్టర్ బయటికొచ్చి, "ఊపిరితిత్తులు బాగైనయ్యమ్మా. గాలి లాక్కునే బలం లేదు. కండ కరిగిపోయింది" అన్నాడు. రెండు మూడు రోజుల్లో ఇంకోసారి చూస్తారంట. అప్పుడూ కాకపోతే గొంతుకి కన్నం పెట్టాలంట.

మా అమ్మకి ఒకటే అర్థం కాలా. "తింటానే ఉన్నాడు గదా సార్?"

ఎందుకంటే ఇంద్రజక్క రోజూ చెప్పేది అట్టా. ఇంద్రజక్క డైటీషియన్. ఐసీయూలో ఎవరికి ఎంత తిండి పోవాలో ఆమే రాసుద్ది. కొత్తగా చేరింది. గోల్డ్ మెడలంట, పేరు కన్నా ముందు అదే చెప్పుద్ది. విజిటింగ్ టైమ్‌లో చార్టు తెచ్చి మా అమ్మకి చూపించేది. "పద్దెనిమిది వందల కేలరీలు, తొంభై గ్రాముల ప్రొటీన్. ఇంట్లోకన్నా బాగా తింటన్నారమ్మా."

ఆ మాట విన్నాకే మా అమ్మ క్యాంటీన్‌కి పొయ్యి రెండు ఇడ్లీలు తినేది. నాన్న తిన్నాక తినడం అలవాటుగా.

ఆ పదో రోజే నేనొకటి చూశా. నాన్న దండచేతికి నల్లతాడు ఉంటది, దర్గాలో కట్టించింది. చేరిన రోజు సిస్టర్ తియ్యబోతే రాలా, కండలోకి దిగిపొయ్యుంది. కత్తిరించబాకండని అమ్మ ఏడిస్తే వదిలేశారు. అదే తాడు ఇప్పుడు మోచెయ్యి దాటి మణికట్టు కాడ పడుంది.

"అక్కా, తాడు ఎందుకు జారింది?" అన్నా.

"వాపు తగ్గింది," అంది ఇంద్రజక్క, చార్టు మీంచి తలెత్తకుండా.

"చేరినప్పుడు వాపు లేదుగా."

"నువ్వేమన్నా డాక్టరువా? కాయితం మీద ఉందమ్మా. ఒక్క రోజు కూడా ఒక్క గ్రాము తగ్గలా, చూస్కో."

వెనక సలోమి మేడం నిలబడుంది. అక్కడ డైటీషియన్లందరికీ ఆమే పెద్ద, ఇంద్రజక్కకి పని నేర్పేదీ ఆమే. ముప్పై ఏళ్ళ సర్వీసు. అరిచేది లేదు, తిట్టేది లేదు. వచ్చి తాడుని ఒక వేలితో పైకి జరిపింది. అది మళ్ళీ కిందకి జారింది. బెడ్ కాడున్న సిస్టర్ల నోట్సు తీసి, పేజీ పేజీ తిరగేసింది.

"ఇంద్రజా, రేపు డబ్బా తెచ్చుకోబాక. నాతో తిందువు."

ఆ అక్క మొహం చూడాల్సింది. ఇంకో మెడల్ వచ్చినట్టు.

ఇప్పుడు చెప్పేది నా కళ్ళతో చూసింది. వాళ్ళ డైట్ రూము మేం కూర్చునే హాలుకి ఎదురే. తలుపు తెరిచే ఉంటది.

పన్నెండుకి మేడం క్యారేజీ విప్పింది. అన్నం, చేపల పులుసు, గుడ్లు రెండు, పెరుగు. వాసన హాలు దాకా. ప్లేటు నిండా వడ్డించి, ఒక ఖాళీ చార్టు తీసి, పేషెంట్ పేరు కాడ ఇంద్రజ అని రాసింది. ఇవ్వాల్సింది అనే గడిలో, ఒక ప్లేటు.

"తిను."

రెండు ముద్దలు తినింది. మూడోది నోటి దాకా పోలా. మేడం ప్లేటు లాగేసి మూత పెట్టింది.

"స్కానింగుకి తీసకపోవాలి. కడుపు ఖాళీగా ఉండాలంట."

అక్క నవ్వింది. మేడం నవ్వలా. "పో, పని చూసుకో. పిలుస్తా."

ఒంటిగంటకి పిలిచింది. "స్కానింగు ఇయ్యాళ కాదంట, రేపంట. తిను." ఒక ముద్ద. "ఆగు. ఒళ్ళు తుడవాలి."

ఒకటిన్నరకి ఇంకో ముద్ద. "ఆగు. పక్క మార్చాలి."

రెండింటికి పిలిచి, ప్లేటు ముందు పెట్టి, చెయ్యి పెట్టనియ్యలా. "గొట్టం పూడింది."

"మేడం, నిజంగా ఆకలేస్తంది," అంది అక్క. అప్పటికి నవ్వు పొయ్యింది.

"షిఫ్టు మారింది. నీకు తిండి ఆపారని కొత్త సిస్టర్‌కి తెలీదు. ఎవరూ చెప్పలా."

మా అమ్మ నన్ను గిల్లింది. "ఆ పిల్లని ఎందుకే అట్టా ఏడిపిస్తంది ఆమె? పెద్దదయ్యుండి."

"ఉండు మా, నాకేం తెలుసు."

నాలుగింటికి మేడం మూత తీసి గడియారం వంక చూసింది. "నాలుగు గంటలు దాటింది. గొట్టంలో పోసేది ఇంతసేపుంటే వాడకూడదు. రూలు." ప్లేటు మొత్తం బకెట్లోకి వంచేసింది. గుడ్లు రెండూ అట్టానే పొయ్యినయ్. మా అమ్మ అబ్బా అనింది, అన్నం పారేస్తే తట్టుకోలేదు ఆమె.

తర్వాత మేడం చార్టు తీసింది. ఇచ్చింది అనే గడిలో కూడా రాసింది, ఒక ప్లేటు. పెన్ను అక్క చేతికిచ్చింది.

"సంతకం పెట్టు."

"నేను తినలేదు గదా మేడం."

"ఏడో బెడ్‌ది పది రోజులు పెట్టావుగా."

ఇవ్వాలని అక్క రాసిందే, ఇచ్చినట్టు కూడా రాసేసుకుందంట రోజూ. లోపల నాన్నకి ఇట్టాగే ఎన్నిసార్లు తిండి ఆపారో సిస్టర్ల నోట్సులో ఉందంట. తెరిచి చూడలా. పెన్ను పట్టుకున్న వేళ్ళకి పులుసు ఎండిపొయ్యుంది.

"నాకు చెప్పొచ్చుగా మేడం," అంది అక్క.

"చెప్తే రాసుకుంటావు," అంది మేడం. క్యారేజీ సర్దుకుని పొయ్యింది.

ఇంద్రజక్క బయటికొచ్చి మా అమ్మ ముందు నిలబడింది. "సగం కూడా పోలేదమ్మా. ఈ పది రోజులూ."

అమ్మ అరుస్తదనుకున్నా. అరవలా. "మరి నేను తిన్నానే," అంది. అంతే. "రోజూ తిన్నానే నేను."

నేను తిట్టా. ఏం తిట్టానో ఇక్కడ టైపు కొట్టను, నీ ఫోను మీ అమ్మ చూసుద్ది. ఆ అక్క మొత్తం విని, కళ్ళు తుడుచుకోకుండానే లోపలికి పొయ్యింది.

అప్పట్నించీ ఆ అక్క ఏడో బెడ్ కాడే ఉంది. తిండి ఆపిన ప్రతిసారీ సిస్టర్లతో గొడవ. మెడల్ ఊసు లేదు. చార్టులో ఇప్పుడు అంకెలు వేరేగా ఉంటన్నయ్. 'స్కానింగుకని గంటన్నర ఆపారు. స్కానింగు జరగలేదు. మళ్ళీ పెట్టించా.' ఇట్టా పిచ్చి పిచ్చిగా, పక్కన అంచుల మీద కూడా రాసుద్ది.

మా అమ్మ మటుకు ఇడ్లీ తినడం మానేసింది. నేను తెస్తే, "ఎంత పొయ్యిందంట?" అని అడుగుద్ది. ఎంతో చెప్పినా నమ్మదు.

ఇయ్యాళ పదమూడో రోజు. మిషన్ ఆపి మళ్ళీ చూస్తన్నారు, ఇప్పుడే, లోపల. అందుకని పొద్దున ఆరింటి నించీ తిండి ఆపారు. మళ్ళీ ఆపారు, చూడు. ఇంద్రజక్క బయటికొచ్చి చార్టు చూపించింది. ఇచ్చింది అనే గడిలో సున్నా. కింద సంతకం.

"అక్కా, రెండ్రోజుల తిండి పది రోజుల కండకి సరిపోద్దా?" అన్నా. కుళ్ళుతోనే అన్నా.

అక్క సలోమి మేడం వంక చూసింది. మేడం వచ్చి మా అమ్మ పక్కన బెంచీ మీద కూర్చుంది, చేతిలో క్యారేజీ ఉంది, విప్పలా.

ఇదంతా నీకెందుకు కొడతన్నానంటే ఊరికే కూర్చుంటే గడియారం కదలట్లా. ఆపి పద్దెనిమిది నిమిషాలైంది. పోయినసారి ఇరవైకే అయిపొయ్యింది.

పంతొమ్మిది.

నువ్వేం టైప్ చెయ్యబాక.

ఇరవై.

ఇరవై ఒకటి. ఒసే దివీనా ఇరవై ఒకటి

తలుపు తీశారు. "ఏడో నంబర్ బెడ్ తాలూకు ఎవరమ్మా" అంటన్నారు ఉండు