అడ్డసరం కంచె

వెనకటికి ఏటి ఒడ్డున ఒక ఊళ్లో సిద్దెమ్మ అనే ఒంటరి మనిషి కూరమడి వేసుకుని బతికేది. ఆ ఊళ్లో దివానుగారి మేకలను అదిలించినవాళ్లకు భూమి దక్కేది కాదు. అవి తన చిక్కుడు పాదులన్నీ మేసేసిన నాడు సిద్దెమ్మకు పుట్టింటి పెరడు గుర్తొచ్చింది. అక్కడ అమ్మ నాటిన అడ్డసరాన్ని ఏ మేకా ముట్టేది కాదు. వెళ్లి ఆ కొమ్మలే తెచ్చి మడి చుట్టూ నాటింది.

కంచె గుబురుగా పెరిగింది. మేకలు వాసన చూసి వెనుదిరిగాయి. సంగతి తెలిసి దివాను మండిపడుతూ వచ్చాడు.

“మా మేకల నోటికి విషం పెడతావా? మడి వదిలి పో!”

“నేను వాటిని అదిలించలేదు బాబూ. పురుగూ మేకా తనను తినకుండా ఆ చెట్టే ఆకులో చేదు దాచుకుంది. విషమంటారా? చిన్నప్పుడు తమరికి దగ్గొస్తే అమ్మగారు ఏ ఆకు కషాయం పోసేవారు?”

చుట్టూ జనం మూగారు. దివాను ఒక ఆకు తుంచి నమిలాడు. విషమంటే కన్నతల్లే తనకు విషం పోసిందనాలి. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

“ముక్కు మూసి మరీ పోసేది మా అమ్మ,” అన్నాడు.

సిద్దెమ్మ కళ్ల ముందు కూడా తన అమ్మ చేతి కషాయం గిన్నె కదిలింది.

మేకలను ఏటి అవతలికి తోలుకుపొమ్మని కాపరికి చెప్పి, దివాను ఆమె వైపు తిరిగి మెల్లగా అడిగాడు.

“కాస్త బెల్లం ముక్క ఉందా అమ్మా?”