నూకరత్నం చేతివల

అనగనగా, గోదారి వెళ్ళి సముద్రంలో కలిసే చోట ఒక ఊరుండేదట. ఆ ఊళ్ళో నూకరత్నం అని ఒక పిల్ల. నీ అంతే ఉంటుంది, నీకన్నా నాలుగు మాటలు ఎక్కువే మాట్లాడుతుంది.

నూకరత్నానికి పడవంటే ప్రాణం. వాళ్ళ మావయ్య సింహాద్రి గాలం వేయడంలో పేరున్నవాడు. పోటు వచ్చినప్పుడు సముద్రంలోంచి పండుగప్ప చేపలు ఏట్లోకి ఎదురెక్కి వస్తాయి కదా, వాటిని పట్టేవాడు. పండుగప్పంటే ఆషామాషీ కాదు తల్లీ. దాని మొప్పల అంచు కత్తిపీటలా ఉంటుంది. చేత్తో పట్టుకుంటే చెయ్యి తెగుతుంది, దారంతో పైకి లాగితే దారం తెగుతుంది. అందుకని గాలం వేసే మనిషి పక్కన చేతివల పట్టే మనిషి ఉండాలి. పొడుగాటి కర్ర, దాని చివర గుండ్రంగా వంచిన వెదురుబద్ద, ఆ బద్దకి సంచిలా వేలాడే వల. ఆ వల పట్టే పని నూకరత్నానిది.

ఆ ఊళ్ళో ఒక పద్ధతి ఉండేది. చేప దొరికితే గాలం వేసినవాడి గొప్ప. జారిపోతే వల పట్టినవాళ్ళ తప్పు. ఇదెక్కడి న్యాయం అని ఎవరూ అడగలేదు.

అప్పుడేమైందంటే, ఒక పొద్దున మావయ్య గాలానికి పెద్ద పండుగప్ప తగిలింది. నీళ్ళలోంచి ఎగిరి తల విదిలించింది. "పట్టవే, పట్టు" అన్నాడు మావయ్య. నూకరత్నం వలతో దాని వెంట పడింది. అది ఇటు పోతే ఇటు, అటు పోతే అటు. వల నీళ్ళ మీద దబదబా కొట్టుకుంది. చేప బెదిరి పడవ కిందకి దూరింది. దారం పుటుక్కున తెగింది.

"చేపని పట్టమన్నానా, ఏటిని చిలకమన్నానా?" అన్నాడు మావయ్య.

ఆ తర్వాత ఇంకో రోజు, ఇంకో చేప. ఈసారి నూకరత్నం వెంటపడలేదు. చేప అలిసిపోయేదాకా ఆగింది. వెనకనుంచి మెల్లిగా తోక కిందకి వల పోనిచ్చి ఎత్తింది. తోకకి వల తగిలిందో లేదో, చేప ఒక్క తన్ను తన్నింది. ముందుకి దూకి, కొక్కెం వదిలించుకుని, చక్కా పోయింది.

మావయ్యకి చిర్రెత్తుకొచ్చింది. పడవ ఒడ్డుకి చేరగానే అన్నాడు: "ఇంకొక్కటి జారనీ, నువ్వు మళ్ళీ పడవ ఎక్కేది లేదు. ఒడ్డున మీ అత్తతో కూచుని రొయ్యలు ఒలుచుకో."

"దారం పట్టింది నువ్వు, వల పట్టింది నేను. తప్పు మాత్రం నా ఒక్కదానిదే ఎలా అవుద్ది మావయ్యా?"

"నోటికున్న చురుకు చేతికుంటే చేప పోయేదే కాదు" అన్నాడు. ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్నవాళ్ళంతా పగలబడి నవ్వారు.

నూకరత్నానికి కళ్ళ నీళ్ళు తిరిగాయి. పడవ ఎక్కకపోతే ఇంకేముంది తనకి? మోకాలి లోతు నీళ్ళలోకి వెళ్ళి, కసికొద్దీ వల ముంచి, కదలకుండా నిలబడింది. అలిగినవాళ్ళకి పొద్దు తెలీదు కదా. మొన్న నువ్వు అరటిపండు కోసం గుమ్మంలో ఎంతసేపు కూచున్నావు? అలాగే.

కాసేపటికి నీళ్ళు తేటపడ్డాయి. చిట్టి చేపలు వచ్చాయి. వల పక్కకి, వల మీదకి, ఆఖరికి వల్లోకే వచ్చాయి. ఆమె కర్ర కదిపింది, అన్నీ చెదిరిపోయాయి. మళ్ళీ ఊరుకుంది, మళ్ళీ వచ్చాయి. ఎటు బెదిరించినా ముందుకే దూకాయి గానీ ఒక్కటీ వెనక్కి పోలేదు.

అప్పుడు నూకరత్నం అనుకుంది: చేప దగ్గరికి వల వెళ్ళకూడదు. వల దగ్గరికి చేప రావాలి. తల ముందు పెట్టుకుని రావాలి. మరి దాన్నలా తీసుకురావాల్సింది ఎవరు? దారం పట్టినవాడు.

ఆ తర్వాత పోటుకి మూడో చేప తగిలింది. బారెడు ఉంది. ఒడ్డున ఊరంతా చేరింది.

"పట్టవే" అన్నాడు మావయ్య.

నూకరత్నం వల నీళ్ళలో ముంచి ఊరుకుంది. "నేను కదలను. నువ్వే తీసుకురా. రెండడుగులు వెనక్కెళ్ళి, గాలం కర్ర ఎత్తి, దాని తల నీళ్ళ పైకి తేల్చి, వల మీదకి నడిపించు."

"నా గాలం గురించి నాకు చెబుతున్నావా?"

"గాలం గురించి కాదు, వల గురించి. జారితే తప్పు నాదేగా. మరి ఎలా పట్టాలో చెప్పేది కూడా నేనే."

మావయ్య రెండడుగులు వెనక్కి వేశాడు.

చేప తల తేలింది. "ఎత్తు, ఎత్తు" అని ఒడ్డు మీంచి కేకలు. నూకరత్నం ఎత్తలేదు. కళ్ళు వల బద్ద దాటాయి, మొప్పలు దాటాయి, పొట్ట దాటింది. "ఇంకా చూస్తావేమే" అన్నాడు మావయ్య. "ఆగు" అంది. తోక కూడా బద్ద దాటాక అప్పుడు ఎత్తింది. చేప బెదిరి ముందుకి దూకింది. ముందున్నది వల అడుగే. ఎంత దూకితే అంత లోపలికి పోయింది. కర్ర అడ్డంగా లేపితే విరుగుతుందని, నిలువుగా పెట్టి, నూతిలోంచి నీళ్ళు తోడినట్టు చేతులు మార్చుకుంటూ లాగింది. పండుగప్ప దభీమని పడవలో పడింది.

ఒడ్డున ఈలలే ఈలలు.

మధ్యాహ్నం అత్త పులుసు పెట్టింది. ఎప్పట్లాగే తలకాయ ముక్క గరిటెతో తీసి మావయ్య కంచం వైపు తిప్పింది. నూకరత్నం చెయ్యి అడ్డం పెట్టింది.

"మావయ్యా, వల్లోకి ముందు వచ్చిందేంటి?"

"తలకాయ."

"ఎవరి వల్లోకి?"

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. మావయ్య గరిటె అందుకుని, తనే ఆ ముక్క నూకరత్నం కంచంలో వేశాడు.

"తిను. పొద్దున్నే పడవ దగ్గరికి వచ్చెయ్. నేనెక్కడ నిలబడాలో చెబుదువుగాని" అన్నాడు.

అప్పట్నించీ ఆ ఊళ్ళో తలకాయ ముక్క చేతివల పట్టినవాళ్ళదేనట. చేప జారితే తప్పు చెరిసగమట. ఇంక కళ్ళు మూసుకో బంగారం.

కథేమో కంచికి,
తలకాయేమో కంచానికి,
మనమేమో ఇంటికి,
నిద్దరేమో కంటికి.