తట్టించి మొక్కించుకునే తాటిఫిరంగి తల్లి

మొగలిపాలెం రేవు దాటి ఇసుకదిబ్బ ఎక్కితే, రేకుల పందిరి కింద సముద్రం వైపు గురిపెట్టి పడుకున్న తాటిఫిరంగి తల్లి దర్శనమిస్తుంది. పన్నెండడుగుల నల్లని తాటిమొద్దే అమ్మవారి రూపం. ఇక్కడ హారతికి ముందు పూజారి, వేలి కణుపుతో తల్లిని మూడుసార్లు తట్టమంటాడు. అపచారమేమోనని కొత్తవారు జంకుతారు గాని, తట్టకుండా మొక్కితే ఆ మొక్కు చెల్లదు.

పూర్వం ఇక్కడ, రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో, తెల్లదొరల సైన్యం ఒక ఫిరంగి దళాన్ని నిలిపింది. ముళ్లకంచె వేసి, ఇసుకబస్తాల గోడ మీదుగా రెండు ఫిరంగులను సముద్రం మీదికి ఎక్కుపెట్టింది. శత్రువుల ఓడలు వస్తాయట, పాలెం ఖాళీ చెయ్యాలా అని జనం అడిగితే, ఫిరంగులుండగా మీకేం భయమని దళంవారు కసిరారు. డెబ్బై గడపలవారూ ఆ మాట నమ్మి గుండెల మీద చెయ్యి వేసుకుని నిద్రపోయారు.

కొర్లమ్మ ఒక్కతే నమ్మలేదు. ఆమె తండ్రి తెప్పలు కట్టేవాడు. దుంగను తట్టి, పలికే తీరును బట్టి లోపల పుచ్చుందో లేదో చెప్పడం కొర్లమ్మ ఆయన దగ్గరే నేర్చింది. కుండను తట్టేది, కొబ్బరికాయను తట్టేది. ఎల్లాజీ సంబంధం వచ్చినప్పుడు అతని తెప్పను తట్టి చూశాకే మనువుకు ఒప్పుకుంది. నీడను కూడా నమ్మని మనిషని ఊరంతా ఆటపట్టించేది.

ఆమె దళం వంటశాలకు ఎండుచేపలు మోసేది. ఒక ఉదయం, ఫిరంగి కింది నుంచి పైకి పాకిన సన్నని మట్టిచార చూసింది. చెద! గంప దించి, అటూ ఇటూ చూసి, కణుపుతో తట్టింది. తెప్పదుంగ పలికినట్టే పలికింది. రెండోదీ అంతే. తారు పూసిన తాటిమొద్దులవి.

వెనకనుంచి హవల్దారు వచ్చి రెక్క పట్టుకున్నాడు. “ఎవరు పంపారే నిన్ను?”

“సేపలమ్ముకునేదాన్ని బాబూ, నన్నెవులు పంపుతారు? ఇనుముకి సెద పడతాదేటి?”

హవల్దారు ఆమె రెక్క వదిలి గొంతు తగ్గించాడు. “అసలువి దారిలో ఉన్నాయి. అందాకా శత్రువును బెదిరించడానికి ఇవి పెట్టాం. ఈ సంగతి బయటికి పొక్కితే నీ మొగుణ్ణి గూఢచారి కింద పట్టుకుపోతారు, జాగ్రత్త.”

చెబితే మొగుడు దక్కడు, చెప్పకపోతే పాలెం మిగలదు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. కొర్లమ్మ రెండు రోజులు దారి వెతికింది. మూడోరోజు సముద్రం అంచున ఏదో ఓడ తగలబడుతున్న పొగ కనిపించింది. ఆమె తిన్నగా కులపెద్ద సూరయ్య దగ్గరకు వెళ్లి, అమ్మవారు కలలో కనిపించి, నాలుగు రోజులు పాలెంలో పొయ్యి రాజెయ్యవద్దని, అందరూ జీడితోటలకు పోవాలని ఆజ్ఞాపించిందని చెప్పింది.

సూరయ్య ఎగాదిగా చూశాడు. “పెసాదం కూడా వాసన సూసి తింతావు. నీకు కలలో అమ్మోరేటే?”

“అందుకే సెప్తన్నాను మావా. నానే నమ్మినానంటే నువ్వే ఆలోసించుకో.”

ఆ మాటతో పాలెం కదిలింది. ముసలీ ముతకా, పిల్లా జెల్లా తోటలకు చేరారు. అక్కడికి చేరిన మూడోనాడు శత్రువుల ఓడ వచ్చి ఫిరంగుల మీదికి గుండ్లు కురిపించింది. వాటిలో సగం పాలెం మీద పడ్డాయి. గుడిసెలు కాలిపోయాయి, ఒక మొద్దు తునాతునకలై, అది ఇనుము కాదని అందరికీ తెలిసిపోయింది. పాలెంవాళ్ల ప్రాణం మాత్రం ఒక్కటీ పోలేదు. మిగిలిన మొద్దులో అమ్మవారే వెలిసిందని జనం పసుపు పూసి పూజలు మొదలుపెట్టారు. కొర్లమ్మ ఏనాడూ దిబ్బ ఎక్కలేదు. తన అబద్ధానికి తానే దండం పెట్టడానికి ఆమెకు సిగ్గేసింది.

యుద్ధం ముగిసి దళం వెళ్లిపోయాక, ఎల్లాజీకి ఇక ముప్పు లేదని రూఢి చేసుకుని, ఆమె సూరయ్యతో నిజం చెప్పేసింది. “నాకే కలా రానేదు మావా. తట్టి సూసినాను, అంతే.”

సూరయ్య దిబ్బ వైపు చెయ్యి చూపించాడు. “తట్టమని నీకు తోపించిందెవులే?” అన్నాడు.

కొర్లమ్మ ఆ మాటను కూడా తట్టి చూడాలనుకుంది. దిబ్బ ఎక్కింది. మొద్దును మూడుసార్లు తట్టింది. విన్నది. అప్పుడు మొక్కింది.

నేటికీ కొత్త తెప్ప కొనేవారు, పిల్లనిచ్చేవారు ముందుగా ఈ తల్లిని తట్టి వెళతారు. అలా తట్టినవారు మోసపోరని ప్రతీతి. ఈ ప్రతీతిని కూడా ఊరికే నమ్మవద్దని పూజారే చెబుతాడు. రండి, తట్టి చూడండి. తల్లి ఏమీ అనుకోదు.