నడివీధిలో మరిగిన కుండ

అనగనగా ఒక ఊళ్ళో, మన ఊరు కాదులే అమ్మలూ, సముద్రాలు దాటి ఇంగ్లండులో, ఏమోస్ అనే ఆయనా టాంసిన్ అనే ఆవిడా కాపురం ఉండేవాళ్ళు. ఆయన గొర్రె బొచ్చు దువ్వేవాడు. ఆవిడ ఆ ఉన్నిని రాట్నం మీద వడికేది.

ఇంగ్లండు వాళ్ళంటే గుర్రాలెక్కి మన మీద పెత్తనం చేసిన దొరలే అనుకునేవు! అక్కడా మనలాగే గంజి తాగి బతికినవాళ్ళు బోలెడుమంది. దొరలు ముందు వాళ్ళ నెత్తినెక్కి, ఆ తర్వాతే మన నెత్తికెక్కారు.

ఆ రోజుల్లో అక్కడ బీదవాళ్ళకి ఓటు లేదు. ఈ ఊళ్ళో మాత్రం తాతల నాటి ఆచారం ఒకటుండేది. సొంత కుండ సొంత పొయ్యి మీద కాచుకునే ప్రతి ఇంటాయనకీ ఓటు. ఓటు రోజున ముసలి గుమాస్తా ఇల్లిల్లూ తిరిగి, కుండలో నీళ్ళు మరుగుతుంటే పేరు రాసుకునేవాడు. ఇంకో షరతు కూడా ఉంది. ఎవరైనా ధర్మంగా ఇచ్చింది పుచ్చుకుంటే ఆ ఏడు ఓటు పోయినట్టే.

ఊరి పక్కన పెద్ద పచ్చిక బీడు ఉండేది. అది ఊరందరిదీ. బీదవాళ్ళ ఆవులు మేసేది అక్కడే, వాళ్ళు పుల్లలు ఏరుకునేదీ అక్కడే. ఆ ఊరి దొర దానికి కంచె వేసుకోవాలని చూశాడు. తన మనిషి గెలిచి సభకి వెళితే అలాగని చట్టం చేయిస్తాడన్నమాట. ఎద్దు పుండు కాకికి ముద్దా? దొర మనిషికి నేను ఓటెయ్యనని ఏమోస్ సంతలో పైకే అనేశాడు. అప్పుడు దొరకి ఒళ్ళు మండింది. వీడికి అసలు ఓటే లేకుండా చేస్తానన్నాడు.

మొదట దొర నౌకరు ఒక గంప పట్టుకుని వచ్చాడు. గంప నిండా రొట్టెలు, పైన ఇంత మాంసం. "పాపం, ఆకలితో ఉన్నారని అయ్యగారు పంపించారమ్మా" అన్నాడు, ఎక్కడలేని వినయంతో. టాంసిన్ కడుపులో ఎలకలు పరుగెడుతున్నాయి. వాసనకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అయినా, "మీ అయ్యగారినే తినమను నాయనా" అని తలుపేసుకుంది.

ఆ తర్వాత దొర బీడు చుట్టూ కాపలా పెట్టాడు. ఒక్క ఎండుపుల్ల ఏరితే కొట్టేస్తామన్నారు. టాంసిన్ ఇంట్లో ఉన్న నాలుగు పుల్లలూ ఓటు రోజు కుండ కాచడానికని దాచిపెట్టింది. రెండు రోజులు ఇద్దరూ చల్లని గంజి తాగి పడుకున్నారు.

ఓటు రోజు రానే వచ్చింది. తెల్లవారుజామునే టాంసిన్ ఒకటి రెండు పుల్లలతో పొయ్యి రాజేసింది. తెల్లారేసరికి దొర మనుషులు గునపాలతో దిగారు. ఇల్లు దొరది కదా, అడిగేదెవరు? పొయ్యి పగలగొట్టారు. మిగిలిన పుల్లల్ని వీధి బురదలో వేసి తొక్కారు. ఏమోస్ గోడకి చేరగిలబడి, "అయిపోయింది టాంసిన్, ఇంక నాకు ఓటు లేదు" అన్నాడు.

ఆవిడ ఏడవలేదు. మూడు రాళ్ళు మోసుకెళ్ళి నడివీధిలో పెట్టింది. పగిలిన పొయ్యిలో ఇంకా బతికి ఉన్న నిప్పుకణికలు చేటలోకి ఎత్తుకొచ్చింది. కుండలో నీళ్ళు పోసి ఎక్కించింది. అప్పుడు లోపలికి వెళ్ళి రాట్నం తెచ్చి గొడ్డలి ఎత్తింది.

"అది పోతే ఏం తింటామే?" అన్నాడు ఏమోస్.

"రాట్నం ఇంకోటి చేసుకోవచ్చు. బీడు పోతే ఎక్కడినించి తెస్తావు?" అని ఒక్క వేటు వేసింది. ఆ చెక్కలన్నీ కుండ కింద పెట్టింది.

అప్పుడు ఈదురుగాలి మొదలైంది. మంట నిలవదు. పొరుగింటి జోన్ చూడలేక ఓ మోపు కట్టెలు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "వద్దొదినా!" అని అరిచింది టాంసిన్. "నువ్విస్తే అదీ ధర్మమే అంటారు. ఇవ్వకు. ఊరికే వచ్చి నిలబడు."

జోన్ కట్టెలు కింద పడేసి గాలికి అడ్డం నిలబడింది. ఆవిడ పక్కన ఇంకొకరు, ఆ పక్కన ఇంకొకరు. చూస్తుండగా వీధి వీధంతా గోడ కట్టినట్టు నిలబడింది. ఎవరూ ఏమీ ఇవ్వలేదు. నిలబడ్డారంతే.

గుమాస్తా వచ్చాడు. దొర నౌకరు అడ్డం తగిలి, "వీధిలో పెట్టింది పొయ్యేమిటి, చెల్లదు!" అన్నాడు. ముసలాయన మూత తీశాడు. ఆవిరి ఆయన ముఖం నిండా కమ్మింది. "మా తాతల కాలంలో అందరూ వీధిలోనే కాచి చూపించేవాళ్ళు. కుండ సొంతం, నిప్పు సొంతం. చెల్లుతుంది" అని ఏమోస్ పేరు రాసుకున్నాడు.

ఆ రోజుల్లో ఓటంటే పదిమందిలో పైకి చెప్పడమే. ఏమోస్ దొర ముఖం చూస్తూనే ఎదుటి పక్షం వాడి పేరు చెప్పాడు. ఆయన్ని చూసి ఇంకా కొందరికి ధైర్యం వచ్చింది. దొర మనిషి ఓడిపోయాడు, బీడు ఊరిదిగానే ఉండిపోయింది. అందరూ ఏమోస్‌ని భుజాల మీద ఎత్తుకుని ఊరేగించారు.

ఏమిటే? టాంసిన్‌నా? లేదమ్మా, ఆవిణ్ణి ఎవరూ ఎత్తుకోలేదు. ఆడవాళ్ళకి ఓటు లేదుగా.

ఆవిడ గుమాస్తా దగ్గరికి వెళ్ళి నెమ్మదిగా అడిగింది. "అయ్యా, రాళ్ళు పెట్టింది నేను. నిప్పు ఊదింది నేను. పట్టీలో నా పేరేదీ?" పాపం, ఆ ముసలాయన మంచివాడే. పట్టీ వంక చూశాడు, నేల వంక చూశాడు. పట్టీ మడిచి చంకలో పెట్టుకున్నాడు.

ఆ ప్రశ్న టాంసిన్ తన కూతురికి చెప్పింది. ఆ తర్వాత కూతురు తన కూతురికి చెప్పింది. అడిగినందుకు కొందరు దెబ్బలు తిన్నారు, కొందరు జైళ్ళలో మగ్గారు. ఎన్నో తరాలకి, ఆవిడ మునిమనవరాలి కూతురు ఒకతె చేతులూపుకుంటూ వెళ్ళి నా పేరు రాసుకోండి అంది. రాసుకున్నారు. నీ కుండ ఎక్కడ, నీ పొయ్యి ఎక్కడ అని ఎవరూ అడగలేదు.

కథేమో కంచికి,
నువ్వేమో మంచానికి,
నిద్రేమో నీ కంటికి.